కోశీ ప్రదేశ్ సభ: 93 మందిలో 47 ఎక్కడుంది?

నేపాల్ తూర్పు కొసన ఉన్న కోశీ ఒక ప్రదేశ్, అంటే మన రాష్ట్రంలాంటిది. దాని సభలో 93 సీట్లు ఉన్నాయి. 2022 నవంబరు 20న జరిగిన ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ అయిన యూఎంఎల్‌కు 40, నేపాలీ కాంగ్రెస్‌కు 29, మావోయిస్టు సెంటర్‌కు 13, రాష్ట్రీయ ప్రజాతంత్ర పార్టీకి 6, ఏకీకృత సమాజవాదీకి 4, జనతా సమాజవాదీకి 1 వచ్చాయి. ఇండిపెండెంట్లు లేరు, గజిబిజి లేదు. ఆరు పార్టీలు, ఆరు అంకెలు. మెజారిటీకి 47 కావాలి, పెద్ద పార్టీ ఇంకో ఏడుగురిని చూసుకుంటే ప్రభుత్వం వచ్చేస్తుంది కదా అనిపిస్తుంది.

కానీ 2023లో అక్కడ ఒక్క ఏడాదిలోనే ముఖ్యమంత్రి నియామకం ఐదుసార్లు జరిగింది. అయిదుగురు మనుషులేం కాదు, ముగ్గురే. హిక్మత్ కుమార్ కార్కీ, ఉద్ధవ్ థాపా, మళ్లీ ఉద్ధవ్ థాపా, మళ్లీ హిక్మత్ కార్కీ, చివరికి కేదార్ కార్కీ. ఈ మధ్యలో సభ్యులెవరూ మారలేదు, ఎన్నికలు జరగలేదు. అవే 93 కుర్చీలు. పార్టీల బలాబలాల పట్టిక చూసి ఈ కథ అర్థం చేసుకోవాలంటే కుదరదు. ఆ పట్టిక ఎలా తయారవుతుందో, అందులో ఏ అంకె లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తెలియాలి.

93 అనే అంకె ఎక్కడిది?

నేపాల్ 2015 రాజ్యాంగం దేశాన్ని ఏడు ప్రదేశ్‌లుగా విడదీసింది. ఒక్కోదానికీ ఒకే సభ. మన తెలుగు రాష్ట్రాల్లోలాగా పైన ఇంకో మండలి ఉండదు. సభ సైజు ఎవరి ఇష్టప్రకారమో పెట్టింది కాదు. ఆ ప్రదేశ్ నుంచి కేంద్రంలోని ప్రతినిధి సభకు నేరుగా ఎంతమంది ఎన్నికవుతారో, దానికి రెట్టింపు మంది ప్రదేశ్ సభకు నేరుగా ఎన్నికవుతారు. ఆ సంఖ్య మొత్తం సభలో 60 శాతం. మిగిలిన 40 శాతం పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిని బట్టి నింపుతారు.

కోశీకి ప్రతినిధి సభలో 28 నేరుగా ఎన్నికయ్యే సీట్లు. ఒక్కో నియోజకవర్గాన్ని రెండు ముక్కలు చేస్తే 56. దానికి నిష్పత్తి కోటా 37 కలిపితే 93. ఇదే సూత్రంతో బాగమతిలో 110, మధేశ్‌లో 107, లుంబినీలో 87, గండకీలో 60, సుదూర్ పశ్చిమ్‌లో 53, కర్ణాలీలో 40. ఏడు ప్రదేశ్‌లూ కలిపితే 550.

ఈ 56 సీట్లు జిల్లాలవారీగా ఎలా పడ్డాయో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కోశీలో 14 జిల్లాలున్నాయి. ఉత్తరాన ఎవరెస్టు ఉన్న సోలుఖుంబు, కాంచన్‌జంగా కింద ఉన్న తాప్లేజుంగ్. దక్షిణాన బీహార్ సరిహద్దు వెంబడి ఝాపా, మోరంగ్, సున్సరీ. రాజధాని విరాట్‌నగర్ మోరంగ్‌లోనే. ప్రతినిధి సభకు మోరంగ్‌లో 6, ఝాపాలో 5, సున్సరీలో 4 సీట్లు. అంటే ఈ మూడు మైదాన జిల్లాల నుంచే ప్రదేశ్ సభకు నేరుగా 30 మంది వస్తారు. మిగిలిన 11 జిల్లాలకు 26. ఇలాం, ఉదయపూర్‌లకు నలుగురేసి, మిగతా తొమ్మిదింటికి ఇద్దరేసి. 2021 జనాభా లెక్కల ప్రకారం ప్రదేశ్ మొత్తం జనం సుమారు 49.6 లక్షలు. పటంలో కొండలు, హిమాలయాలు పెద్దగా కనిపిస్తాయి గానీ మనుషులు కింద మైదానంలో ఉన్నారు, సీట్లూ అక్కడే ఉన్నాయి. కోశీ రాజకీయాన్ని కొండ ప్రాంత రాజకీయంగా మాత్రమే చూసేవాళ్లు ఈ 30ని మర్చిపోతుంటారు.

రెండు బ్యాలెట్లు, రెండు రకాల సభ్యులు

మన ఎమ్మెల్యేల్లో ప్రతి ఒక్కరికీ ఒక నియోజకవర్గం ఉంటుంది. కోశీలో 37 మందికి ఉండదు. ఓటరు ప్రదేశ్ సభ కోసం రెండు ఓట్లు వేస్తాడు. ఒకటి తన ప్రాంతపు అభ్యర్థికి, రెండోది పార్టీ గుర్తుకు. ప్రతినిధి సభకూ ఇలాగే రెండు. 2022లో రెండు ఎన్నికలూ ఒకే రోజు జరగడంతో ఒక్కో ఓటరు చేతిలో నాలుగు బ్యాలెట్లు పడ్డాయి.

రెండో ఓటుతో సీట్లు పంచే పద్ధతి వినడానికి కష్టంగా ఉంటుంది గానీ చేతిలో కాగితం ఉంటే ఐదు నిమిషాల పని. ఒక్కో పార్టీ ఓట్లను 1, 3, 5, 7 ఇలా బేసి సంఖ్యలతో భాగిస్తూ పోతారు. వచ్చిన భాగఫలాలన్నిటిలో పెద్దవి ఏరి, వరసగా సీట్లు ఇస్తారు. ఊహా అంకెలతో చూద్దాం. ఐదు సీట్లున్నాయి; ఒక పార్టీకి 1,000 ఓట్లు, ఇంకోదానికి 620, మూడోదానికి 240 వచ్చాయి. మొదటి పార్టీ భాగఫలాలు 1,000, 333, 200. రెండోదానివి 620, 207, 124. మూడోదానివి 240, 80, 48. పై ఐదు అంకెలు 1,000, 620, 333, 240, 207. కాబట్టి సీట్లు 2, 2, 1. ఎక్కడా గెలవలేని మూడో పార్టీకీ ఒకటి దక్కింది. పెద్ద పార్టీ ఎంత ముందున్నా రెండింటితోనే ఆగింది.

మరీ చిన్న పార్టీలు చేరకుండా ఒక గడప పెట్టారు. ప్రదేశ్ మొత్తంలో చెల్లిన ఓట్లలో కనీసం 1.5 శాతం రావాలి. ప్రతినిధి సభకు ఈ గడప 3 శాతం. అంటే కేంద్రంలో నిష్పత్తి కోటా దక్కని పార్టీ ప్రదేశ్‌లో కాలు పెట్టగలదు. కోశీ పట్టిక అడుగున ఉన్న 4, 1 లాంటి చిన్న అంకెలను తీసిపారేయలేకపోవడానికి ఈ వ్యవస్థే కారణం. అలాంటి ఒక్క సీటే తర్వాత ఎంత పని చేసిందో కొద్దిసేపట్లో చూస్తాం.

ఇక నిష్పత్తి కోటాలో ఎవరిని పంపాలన్నది పార్టీ ఇష్టం, కానీ పూర్తిగా కాదు. జాబితాను ఎన్నికలకు ముందే ఇవ్వాలి, అందులో దళిత్, ఆదివాసీ జనజాతి, ఖస్ ఆర్య, మధేశీ, థారూ, ముస్లిం వర్గాలకు జనాభా నిష్పత్తిలో చోటు ఉండాలి. రాయ్, లింబూ, తామాంగ్, శెర్పా, థారూ, రాజవంశీ, ధిమాల్, సంథాల్ ఇన్ని సముదాయాలున్న కోశీలో ఇది చిన్న విషయం కాదు. ఇంకో షరతు, ఒక్కో పార్టీ తరఫున గెలిచిన మొత్తం సభ్యుల్లో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలి. నేరుగా గెలిచినవారితో అది పూర్తికాకపోతే నిష్పత్తి కోటాలో పూడ్చాలి.

ఆచరణలో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పార్టీలు నేరుగా పోటీ చేసే సీట్లను మగవాళ్లకు ఇచ్చేసి, చట్టం అడిగే మూడో వంతును నిష్పత్తి జాబితాతో సరిపెడతాయి. దాంతో సభలో మహిళల సంఖ్య గౌరవంగానే కనిపిస్తుంది. కానీ వాళ్లలో ఎక్కువమందికి చెప్పుకోవడానికి నియోజకవర్గం లేదు, మళ్లీ జాబితాలో పేరుంటుందన్న భరోసా లేదు. ఆ భరోసా పార్టీ నాయకుడి చేతిలో ఉంటుంది. నా దృష్టిలో ఈ సభ అమరికలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదే. కోటా మహిళలను సభలోకి తెచ్చింది, సొంత బలంతో నిలబడే దారి మాత్రం చూపలేదు.

46, 46, ఒక సభాముఖ్

ఇప్పుడు అసలు చిక్కు. 2022 డిసెంబరు చివర కాఠ్మాండూలో మావోయిస్టు నేత ప్రచండ యూఎంఎల్ మద్దతుతో ప్రధాని అయ్యారు. ఆ పొత్తు ప్రదేశ్‌లకూ దిగింది. 2023 జనవరిలో యూఎంఎల్ నాయకుడు హిక్మత్ కార్కీ కోశీ ముఖ్యమంత్రి అయ్యారు. స్పీకర్ పదవి, అక్కడి మాటలో సభాముఖ్, మావోయిస్టు సెంటర్ సభ్యుడు బాబురామ్ గౌతమ్‌కు దక్కింది. అప్పటికి ఇది మామూలు పంపకం. ఆ స్పీకర్ కుర్చీయే తర్వాత కొంప ముంచుతుందని ఎవరూ అనుకొని ఉండరు.

రెండు నెలలైనా గడవకముందే రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. ప్రచండ యూఎంఎల్‌ను వదిలి కాంగ్రెస్ అభ్యర్థి రామచంద్ర పౌడేల్ వైపు వెళ్లారు. కాఠ్మాండూలో పొత్తు తిరగబడింది, కోశీలో కార్కీ కింద నేల కదిలింది. కాంగ్రెస్ 29, మావోయిస్టు 13, ఏకీకృత సమాజవాదీ 4, జనతా సమాజవాదీ 1 కలిపితే 47. అవతల యూఎంఎల్ 40, రాష్ట్రీయ ప్రజాతంత్ర పార్టీ 6 కలిపితే 46. మొత్తం 93లో మెజారిటీ సరిగ్గా 47. పట్టిక ప్రకారం కాంగ్రెస్ కూటమి గెలిచినట్టే. ఆ ఒక్క జనతా సమాజవాదీ సీటు లేకపోతే లెక్క తిరగబడేది.

కానీ ఆ 47లో ఒకరు సభాముఖ్ బాబురామ్ గౌతమ్. రాజ్యాంగం ప్రకారం సభకు అధ్యక్షత వహించే వ్యక్తికి ఓటు లేదు. ఓట్లు సమానమైనప్పుడు మాత్రం నిర్ణాయక ఓటు వేయొచ్చు. ఆయన్ని తీసేస్తే 46. అటు 46, ఇటు 46.

'సమానమైతే ఆయన ఓటు వేస్తారు కదా, 47 అవుతుంది కదా' అని అడగొచ్చు. మొదటి చూపులో న్యాయంగానే ఉంది. అయితే ముఖ్యమంత్రిని నియమించే ముందు మద్దతు చూపించేది సంతకాలతో. అక్కడ ఓటింగే లేదు, సమానం కావడం అన్న ప్రశ్నే లేదు. ఇక సభలో విశ్వాస పరీక్షకు హాజరైనవారిలో మెజారిటీ చాలదు. అప్పటికి ఉన్న మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి. అవతలి కూటమి ఓటేయకుండా ఊరుకుంటే 46కు సున్నా. టై లేదు కాబట్టి నిర్ణాయక ఓటు లేదు. 46 అంటే 47 కాదు కాబట్టి విశ్వాసమూ లేదు.

2023 జులైలో కాంగ్రెస్ నాయకుడు ఉద్ధవ్ థాపా 47 సంతకాలతో వెళ్లారు. ఆ సంతకాల్లో సభాముఖ్‌ది కూడా ఉంది. ప్రదేశ్ ప్రముఖ్, అంటే మన గవర్నర్‌లాంటి పదవిలో ఉన్న వ్యక్తి, ఆయన్ని ముఖ్యమంత్రిగా నియమించారు. యూఎంఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. జులై 27న కోర్టు ఆ నియామకాన్ని కొట్టేసింది. తటస్థంగా ఉండాల్సిన సభాముఖ్ ఒక పక్షం ప్రభుత్వం ఏర్పాటుకు సంతకం పెట్టడం చెల్లదన్నది అందులో ముఖ్యమైన మాట. ఆగస్టులో థాపా రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. అది కూడా సుప్రీంకోర్టు మెట్లెక్కింది, సెప్టెంబరులో మళ్లీ ఆయనకు ఎదురుదెబ్బే తగిలింది.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. సభాముఖ్ కుర్చీ దిగి మామూలు సభ్యుడిగా ఓటేయొచ్చు కదా? వేయొచ్చు, కానీ అప్పుడు కుర్చీలో ఇంకెవరో కూర్చోవాలి. సొంత కూటమి వాళ్లు కూర్చుంటే వాళ్ల ఓటు పోతుంది, లెక్క మళ్లీ 46 దగ్గరే. అవతలివాళ్లు కూర్చోవడానికి ఎందుకు ఒప్పుకుంటారు? సభాముఖ్, ఉప సభాముఖ్ వేర్వేరు పార్టీలవాళ్లై ఉండాలని, ఇద్దరిలో ఒకరు మహిళై ఉండాలని రాజ్యాంగం అంటుంది. మంచి నియమమే. కానీ సభ ఇలా సగానికి సగం చీలినప్పుడు ఎవరు కుర్చీ ఎక్కితే వాళ్ల పక్షం ఓడిపోయే ఆటగా మారుతుంది. పదవి కోసం కొట్టుకునే రాజకీయాల్లో ఒక పెద్ద కుర్చీని ఇరుపక్షాలూ 'మీరే ఉంచుకోండి' అనుకునే పరిస్థితి రావడం విచిత్రమే.

168వ అధికరణ మెట్లు

కోశీలో ఆ ఏడాది జరిగిందంతా ఒక రాజ్యాంగ అధికరణ మెట్లు ఒక్కొక్కటీ దిగడమే. 168లో మొదటి మెట్టు, ఒక పార్టీకే మెజారిటీ ఉంటే దాని నాయకుడు ముఖ్యమంత్రి. లేకపోతే రెండు లేదా అంతకంటే ఎక్కువ పార్టీల మద్దతు ఉన్న సభ్యుడు. అదీ కుదరకపోతే అతి పెద్ద పార్టీ నాయకుడు. అతనూ విశ్వాసం పొందలేకపోతే, పొందగలనని ఆధారం చూపిన ఏ సభ్యుడైనా. ఈ చివరి మెట్టు కూడా జారితే సభ రద్దు, ఆరు నెలల్లో ఎన్నికలు.

థాపా రెండో మెట్టు మీద రెండుసార్లు జారారు. సెప్టెంబరులో మూడో మెట్టు మీద పెద్ద పార్టీ నాయకుడిగా హిక్మత్ కార్కీ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన దగ్గర ఉన్నదీ 46 మందే కదా, నిలవలేదు. మిగిలింది చివరి మెట్టు. అప్పుడే సభ్యులందరికీ టెన్షన్ మొదలైంది. ఏడాది కూడా నిండని పదవి పోతుందంటే ఎవరికుండదు? అక్టోబరులో కాంగ్రెస్‌లోనే ఒక వర్గం సొంత పార్టీ లైను దాటింది. ఆ వర్గం నాయకుడు కేదార్ కార్కీ యూఎంఎల్ మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీలవారీగా చూస్తే ఎవరికీ రాని 47, పార్టీ గీత దాటగానే దొరికింది. పట్టికలో కాంగ్రెస్ పక్కన 29 అనే ఉంది, ఆ రోజూ ఉంది. ఆ 29 మంది ఒకే వైపు లేరన్నది పట్టిక చెప్పదు.

ఈ చివరి మెట్టు చెడ్డదని నేననను. పార్టీ నాయకులు కాఠ్మాండూలో కూర్చొని చిక్కుముడి వేసినప్పుడు సభ్యులే విప్పుకునే దారి అది. కాకపోతే విప్పింది సిద్ధాంతమో, సభ రద్దు భయమో చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంది.

2024 మార్చిలో ప్రచండ మళ్లీ యూఎంఎల్ వైపు మళ్లారు. మే నెలలో కోశీలో కేదార్ కార్కీ దిగిపోయి హిక్మత్ కార్కీ వచ్చారు. ఈసారి 40, 13 కలిస్తేనే 53. సభాముఖ్‌ను తీసేసినా 52. కుర్చీ గొడవ కనిపించలేదు. అదే సభ, అదే నియమం. గీత దగ్గర నిలబడితేనే ఒక్క ఓటు బరువు తెలుస్తుంది.

ప్రదేశ్ ప్రభుత్వాలు కాఠ్మాండూకు నీడలు అనే విమర్శ నేపాల్‌లో గట్టిగానే ఉంది. కోశీని చూస్తే కాదనలేం. కాకపోతే ఆ మాట ఒక పేరు విషయంలో అంత సూటిగా వర్తించదు.

2023 మార్చి 1 దాకా ఈ ప్రదేశ్‌కు పేరే లేదు, 'ప్రదేశ్ 1' అనేవారు. పేరు పెట్టడానికి మూడింట రెండొంతులు కావాలి, అంటే 62 మంది. మొదటి ఐదేళ్ల సభ ఆ పని చేయలేకపోయింది. రెండో సభ కోశీ అని తీర్మానిస్తే అనుకూలంగా 82 ఓట్లు, వ్యతిరేకంగా 4 పడ్డాయి. ఒకరి ప్రభుత్వాన్ని ఒకరు కూల్చుకోబోతున్న పార్టీలు ఆ రోజు ఒకే పక్కన చేతులెత్తాయి. బయట మాత్రం కిరాత్, లింబూవాన్ అనే చారిత్రక పేర్లు కోరుతున్న ఆదివాసీ సముదాయాలు నెలల తరబడి వీధుల్లో ఉన్నాయి. నిష్పత్తి కోటా సభలోకి రాయ్, లింబూ సభ్యులను తెచ్చింది నిజమే. వాళ్లంతా పార్టీ విప్ కింద ఉన్నారన్నదీ నిజమే. సభలో ఎవరు ఏ సముదాయం నుంచి వచ్చారన్న జాబితా చూసి ఆ సముదాయం మాట నెగ్గుతుందని అనుకోవడం ఎంత తప్పో ఈ 82 చెబుతుంది.

పట్టిక తారీఖు చూడాలి

ఈ సభ మొదటి పట్టిక ఇంకా సులువుగా ఉండేది. 2017 ఎన్నికల్లో యూఎంఎల్‌కు ఒక్కదానికే 51 వచ్చాయి, కాంగ్రెస్‌కు 21, మావోయిస్టులకు 15. యూఎంఎల్‌కు చెందిన శేర్‌ధన్ రాయ్ తొలి ముఖ్యమంత్రి. 2018లో యూఎంఎల్, మావోయిస్టులు ఒకే పార్టీగా కలిశాయి. 66 మంది అయ్యారు. ఎవరూ కదపలేరనుకున్నారు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ విలీనం చెల్లదంది. ఆగస్టులో యూఎంఎల్ చీలి మాధవ్ కుమార్ నేపాల్ నాయకత్వంలో ఏకీకృత సమాజవాదీ పుట్టింది. అదే నెలలో శేర్‌ధన్ రాయ్ స్థానంలో భీమ్ ఆచార్య, నవంబరులో ఆయన స్థానంలో కొత్త పార్టీకి చెందిన రాజేంద్ర కుమార్ రాయ్. 51 సీట్లు గెలిచిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది.

కాబట్టి 40, 29, 13, 6, 4, 1 అన్నది 2022 ఫలితాల పట్టిక మాత్రమే. 2025 నవంబరులో మావోయిస్టు సెంటర్, ఏకీకృత సమాజవాదీ మరికొన్ని వామపక్షాలతో కలిసి నేపాలీ కమ్యూనిస్ట్ పార్టీగా ఏర్పడ్డాయి. ఆ వరసలో 13, 4 అని విడివిడిగా రాసినవి పాత పేర్లు. అంతకు రెండు నెలల ముందు, జెన్ జీ అనే యువతరం ఉద్యమం తర్వాత, ప్రతినిధి సభ రద్దయింది. ప్రదేశ్ సభలు మాత్రం రద్దు కాలేదు. పైగా 2022లో ప్రతినిధి సభకు 20 మందిని పంపిన రాష్ట్రీయ స్వతంత్ర పార్టీ ప్రదేశ్ సభలకు అసలు పోటీయే చేయలేదు. అందుకే కోశీ పట్టికలో ఆ పేరు కనిపించదు. ఓటర్లు కాదన్నారని కాదు, బ్యాలెట్ మీద ఆ గుర్తు లేదు.

ఈ సభ్యులకు ముఖ్యమంత్రిని ఎన్నుకోవడం ఒక్కటే పని కాదు. పార్లమెంటు ఎగువ సభ అయిన జాతీయ సభకు కోశీ నుంచి వెళ్లే ఎనిమిది మందిని ఎన్నుకునేది వీళ్లు, స్థానిక సంస్థల అధినేతలు, ఉపాధినేతలు కలిసి. రాష్ట్రపతి ఎన్నికలో పార్లమెంటు సభ్యుడి ఓటు విలువ 79, ప్రదేశ్ సభ్యుడిది 48. పార్లమెంటు ఉభయ సభల్లో 334 మంది, అంటే 26,386. ఏడు ప్రదేశ్‌ల 550 మంది, అంటే 26,400. రెండు వైపులా బరువు దాదాపు సమానంగా ఉండేలా ఆ విలువలు పెట్టారు. కోశీ 93 మంది వాటా 4,464. ఆ 2023 మార్చి ఎన్నిక కోసమే కాఠ్మాండూలో పొత్తు తిరగబడింది, దాని దెబ్బ తిరిగొచ్చి విరాట్‌నగర్ సభలో 46, 46గా పడింది.